డిజిటల్ మనుషులకు ఋతువుకు తగిన దుస్తులు: మా అమ్మాయి దీన్ని వృత్తిగా ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చాలా కాలంగా ఖాళీ సమయమంతా కంప్యూటర్‌లో త్రీడీ మానవ పాత్రలు తయారు చేయడంలోనే గడుపుతోంది. నగర వీధుల్లో తిరిగే మనుషులకు చలికాలపు కోట్లు, వానాకాలపు జాకెట్లు, వేసవి దుస్తులు తొడిగి, ఒక్కో ఋతువుకు ఒక్కో పాత్రను రూపొందిస్తుంది. ఇదే తన వృత్తి అంటోంది. ఇందులో నిలకడైన ఉద్యోగాలు ఉంటాయా? యానిమేషన్ చదివించాలా, ఫ్యాషన్ డిజైన్ చదివించాలా? కృత్రిమ మేధ వచ్చాక ఈ పని మిగులుతుందా? (ఒక తండ్రి)

సమాధానం: మీ అమ్మాయి చేస్తున్న పనికి ఉద్యోగాలు ఉన్నాయి. అయితే ఆ పని అన్నిచోట్లా ఒకే పేరుతో కనిపించదు కాబట్టి, ప్రకటనల్లో వెతికే తల్లిదండ్రులకు అసలు అలాంటి ఉద్యోగమే లేదని అనిపించడం సహజం. వీడియో గేమ్ సంస్థల్లో, విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోల్లో ఈ పని చేసేవారిని క్యారెక్టర్ ఆర్టిస్ట్ అంటారు. పెద్ద స్టూడియోల్లోనైతే దుస్తులకే ప్రత్యేకంగా మనుషులు ఉంటారు. దుస్తుల తయారీ సంస్థల్లో, అసలు గుడ్డను కత్తిరించక ముందే నమూనాను తెర మీద చూపించే వారిని త్రీడీ గార్మెంట్ డిజైనర్ అంటారు. వాణిజ్య ప్రకటనలు, భవనాల త్రీడీ చిత్రాలు తయారు చేసే సంస్థలకు కూడా వాతావరణానికి తగినట్టు దుస్తులు వేసుకున్న మనుషులు అవసరమవుతారు.

నిలకడ విషయంలో మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. గేమ్ సంస్థలు, సినిమా స్టూడియోలు ప్రాజెక్టులను బట్టి మనుషులను తీసుకుంటాయి, ప్రాజెక్టు ముగిశాక తగ్గించుకుంటాయి. 2023, 2024 సంవత్సరాల్లో గేమ్ పరిశ్రమలో ప్రపంచవ్యాప్తంగా వేల మంది ఉద్యోగాలు కోల్పోయారు. అందువల్ల ఒకే రంగాన్ని నమ్ముకోకుండా, గేమ్‌లకూ దుస్తుల సంస్థలకూ రెండింటికీ పనికొచ్చే నైపుణ్యాన్ని పెంచుకోవడం మంచిది. అదృష్టవశాత్తు మీ అమ్మాయి ఇష్టపడుతున్న అంశం సరిగ్గా ఆ రెండూ కలిసే చోటే ఉంది.

ఎందుకంటే మనిషి ముఖాన్నీ శరీరాన్నీ మొదటి నుంచి మలచాల్సిన అవసరం ఇప్పుడు బాగా తగ్గిపోయింది. 1995లో వచ్చిన పోజర్ అనే సాఫ్ట్‌వేర్ నాటి నుంచే సిద్ధంగా ఉన్న మానవ ఆకృతులను వాడుకునే పద్ధతి ఉంది. తరువాత డాజ్ స్టూడియో, క్యారెక్టర్ క్రియేటర్ వంటివి దాన్ని మరింత ముందుకు తీసుకెళ్లాయి. 2021లో ఎపిక్ గేమ్స్ సంస్థ మెటాహ్యూమన్ క్రియేటర్ అనే సాధనాన్ని విడుదల చేశాక, చర్మం, కళ్లు, జుట్టుతో సహా నమ్మదగిన ముఖాన్ని ఒక్క పూటలో సిద్ధం చేసుకోవడం సాధ్యమైంది. కానీ ఆ మనిషి ఏ పని మీద బయలుదేరాడు, బయట ఎంత చలిగా ఉంది అన్న సంగతులను ఆ ముఖం చెప్పదు. వాటిని దుస్తులే చెప్పాలి. పాత్రకు ప్రాణం పోసే పనిలో సగానికి పైగా అక్కడే ఉందని నా అభిప్రాయం. అయినా కొత్తగా నేర్చుకునే వారిలో ఎక్కువ మంది నెలల తరబడి ముఖం దగ్గరే ఆగిపోయి, దుస్తులను చివరి వారంలో హడావిడిగా తొడిగేస్తున్నారు.

చలికాలపు కోటునే తీసుకుందాం. ఈ రంగంలో విస్తృతంగా వాడే మార్వెలస్ డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్‌లో దుస్తులను మలచరు, కుడతారు. దర్జీ గుడ్డ మీద గీసినట్టే ముందు భాగం, వీపు భాగం, చేతులు, కాలర్ విడివిడిగా గీసి, ఏ అంచును ఏ అంచుకు కుట్టాలో చూపిస్తే, సాఫ్ట్‌వేర్ ఆ ముక్కలను శరీరం చుట్టూ చేర్చి, బరువుకు గుడ్డ ఎలా వేలాడుతుందో లెక్కగట్టి చూపిస్తుంది. దాన్ని రూపొందించిన సంస్థదే క్లో అనే మరో సాఫ్ట్‌వేర్ కూడా. దుస్తుల తయారీ సంస్థలు వాడేది దాన్ని. రెండింటి పని తీరు దాదాపు ఒకటే కాబట్టి ఒకటి వచ్చినవారికి రెండోది త్వరగా వస్తుంది. ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు ఏమిటంటే, ఉన్ని కోటును చొక్కా గుడ్డలాగే కుట్టేస్తారు. అసలు కోటులో కాలర్‌కూ ఛాతీ భాగానికీ లోపల బిగువునిచ్చే బక్రం లేదా క్యాన్వాస్ గుడ్డ వేస్తారు, భుజాల కింద ప్యాడ్ పెడతారు, మోచేయి సహజంగా వంగేలా కోటు చేతిని రెండు ముక్కలుగా కత్తిరిస్తారు. ఇవేవీ లేని డిజిటల్ కోటు భుజం దగ్గర కూలిపోయి, తడిసిన దుప్పటి కప్పుకున్నట్టు కనిపిస్తుంది. కోటు కింద స్వెటర్, దాని కింద చొక్కా ఉంటే ఒక్కో పొరనూ లోపలి నుంచి బయటికి వరుసగా తొడగాలి. పై కోటులో ఆ పొరలకు సరిపడా లూజు ఉంచకపోతే బొత్తాం చుట్టూ గుణకారం గుర్తు ఆకారంలో ముడతలు లాగుతాయి. ఆ ముడతలు కొన్నిసార్లు కావాలి కూడా. ఒళ్లు చేశాక కూడా పాత కోటునే వేసుకుంటున్న మనిషిని చూపాలంటే అంతకంటే మంచి గుర్తు లేదు.

గుడ్డను లెక్కగట్టే బిందువుల మధ్య దూరం మార్వెలస్ డిజైనర్‌లో మొదట 20 మిల్లీమీటర్లుగా ఉంటుంది. కత్తిరింపు సరిచూసుకునేంత వరకు అది చాలు. చివరలో దాన్ని 5 మిల్లీమీటర్ల దాకా తగ్గిస్తేనే మోచేయి లోపలి సన్నని ముడతలు, కుట్టు వెంబడి గుడ్డ పడే చిన్న కుదింపులు కనిపిస్తాయి. అయితే ఈ సంఖ్యలు ఎవరైనా ఒక్క రోజులో నేర్చుకోగలరు. ఏ ముడత ఎందుకు వచ్చిందో చూసి చెప్పగలగడమే కష్టం.

ఋతువును చూపించడమంటే కోటు రంగు మార్చడం అని కూడా చాలామంది అనుకుంటారు. వానను తీసుకోండి. గుడ్డ తడిసినప్పుడు దారాల మధ్య గాలి ఉండే ఖాళీల్లోకి నీరు చేరుతుంది. అప్పుడు కాంతి గుడ్డలోకి ఎక్కువగా చొచ్చుకుపోయి, తక్కువగా తిరిగి వస్తుంది. అందుకే తడి గుడ్డ ముదురు రంగులో కనిపిస్తుంది. అదే నీరు నిలవని పూత ఉన్న జాకెట్ అయితే గుడ్డ రంగు మారదు, పైన చుక్కలు నిలబడతాయి. నగరంలో గొడుగు పట్టుకుని నడిచే మనిషికి భుజాలు రెండూ సమానంగా తడవవు, చంక కింద పొడిగానే ఉంటుంది, నేల నుంచి చిమ్మిన నీటికి ప్యాంటు అంచులు మాత్రం తడిసి కాళ్లకు అంటుకుంటాయి. ఈకలు లేదా పాలిస్టర్ దూది నింపిన పఫర్ జాకెట్ మీద బ్యాగు పట్టీ పడితే దాని కుట్టుగళ్లు అక్కడ అణిగిపోయి, పట్టీకి రెండు వైపులా ఉబ్బుతాయి. వేసవిలో నార చొక్కా వేసుకుని బస్సులో కూర్చుని దిగిన మనిషికి నడుము దగ్గరా మోచేతుల దగ్గరా ముడతలు గట్టిగా పడి ఉంటాయి. ఇలాంటివి మీ అమ్మాయి వీధిలో నిలబడి చూసి, నోటుపుస్తకంలో గీసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే ఫ్యాషన్ ఫొటోల్లో అవి దొరకవు, ఎందుకంటే ఫొటో తీసే ముందు వాటిని సరిచేసేస్తారు.

మిగిలిన సాంకేతిక భాగం గురించి క్లుప్తంగా చెబుతాను. కుట్టిన దుస్తుల ఉపరితలాన్ని కదలికకు తగినట్టు క్రమమైన చతుర్భుజాలుగా మళ్లీ గీయడం, దాన్ని బల్లపరుపుగా విప్పి టెక్స్చర్‌కు (పైన అద్దే రంగుల చిత్రానికి) సిద్ధం చేయడం, సబ్‌స్టెన్స్ పెయింటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రంగూ మెరుపూ గరుకుదనమూ ఇవ్వడం, శరీరం కదిలితే దుస్తులు వెంట కదిలేలా పాత్ర లోపలి డిజిటల్ ఎముకలకు కట్టడం, దుస్తుల కింద కనిపించని శరీర భాగాన్ని తొలగించి చర్మం బయటికి పొడుచుకు రాకుండా చూడడం ఆమెకు తప్పక రావాలి. వీటిలో చాలా భాగాన్ని బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకోవచ్చు కాబట్టి, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనిచ్చేందుకు మీరు తొందరపడనక్కరలేదు.

ఇక చదువు. ప్రస్తుత డిగ్రీని మాన్పించవద్దు. ఆ తరువాత యానిమేషన్, ఫ్యాషన్ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలంటే, గేమ్‌ల వైపు మొగ్గు ఉంటే త్రీడీ కళ నేర్పే కోర్సును, దుస్తుల సంస్థల వైపు మొగ్గు ఉంటే ప్యాటర్న్ కటింగ్‌ను, అంటే దుస్తుల ముక్కలను కొలతల ప్రకారం గీసి కత్తిరించడాన్ని, లోతుగా నేర్పే ఫ్యాషన్ కోర్సును చూడండి. ఏది ఎంచుకున్నా, ఈలోగా ఆమెను ఒక మంచి దర్జీ దగ్గర కొన్ని నెలలు కూర్చోబెట్టి, లైనింగ్‌తో సహా ఒక నిజమైన జాకెట్‌ను తన చేతులతో కుట్టించండి. నేను ఇచ్చే సలహాలన్నిటిలో దీన్నే ఎక్కువ గట్టిగా చెబుతాను. గుడ్డను పడుగు వెంబడి లాగితే సాగదని, ఐమూలగా లాగితే సాగుతుందని చేతికి తెలిసినవారు తెర మీద కుట్టిన దుస్తులు వెంటనే గుర్తుపట్టేలా ఉంటాయి.

పోర్ట్‌ఫోలియోలో, అంటే ఉద్యోగానికి చూపించే తన పనుల సంకలనంలో, ఇరవై పాత్రలు పెట్టవద్దని చెప్పండి. ఒకే మనిషి, ఒకే వీధి, నాలుగు రకాల వాతావరణం చాలు. శరీరం మారకుండా దుస్తులు మాత్రమే మారినప్పుడు ఆమె నైపుణ్యం స్పష్టంగా బయటపడుతుంది. ప్రతి పాత్ర పక్కన ప్యాటర్న్ ముక్కలు, వైర్‌ఫ్రేమ్ (ఆకృతి గీతల వల మాత్రమే కనిపించే చిత్రం), కుట్టు దగ్గరి చిత్రం, నడుస్తున్న చిన్న వీడియో ఉండాలి. ముఖం మెటాహ్యూమన్ నుంచి తీసుకుంటే ఆ సంగతిని స్పష్టంగా రాయాలి. దాచడం వల్ల నమ్మకం పోతుంది. ఆ మనిషి సన్నని యువతి కాకుండా, అరవై ఏళ్ల వ్యక్తో, లావుపాటి మనిషో అయితే ఇంకా మంచిది. చాలా పోర్ట్‌ఫోలియోల్లో అలాంటి శరీరాలే కనిపించవు, కోటు కత్తిరింపులోని కష్టమంతా అక్కడే ఉంటుంది.

దుస్తుల ఫైళ్లను ఆన్‌లైన్‌లో అమ్మడం కూడా ఒక మార్గమే గానీ, దాన్ని అదనపు ఆదాయంగానే లెక్కించండి. ప్రసిద్ధ బ్రాండ్ల లోగోలను, గుర్తించదగిన డిజైన్లను వాడకూడదు. ఇతరుల ఫైళ్లు కొన్నప్పుడు, చిత్రాల్లో వాడుకునే అనుమతి ఉన్నంత మాత్రాన గేమ్‌లో పెట్టుకునే అనుమతి ఉన్నట్టు కాదు. లైసెన్సును పూర్తిగా చదవడం ఇప్పటి నుంచే అలవాటు కావాలి.

కృత్రిమ మేధ గురించి మీ ఆందోళనలో నిజం ఉంది. ఊహాచిత్రాలు గీసే తొలి దశ మీద దాని దెబ్బ ఇప్పటికే పడుతోంది, త్రీడీ ఆకృతులు తయారు చేసే సాధనాలు కూడా మెరుగుపడుతున్నాయి. కాబట్టి అందమైన చిత్రం మాత్రమే ఇవ్వగల వ్యక్తికి ముందుముందు ఇబ్బంది తప్పదు. గేమ్‌కు కావలసింది మాత్రం నడిచినా, కూర్చున్నా, చేయి ఎత్తినా చెదరని కోటు. దుస్తుల సంస్థకు కావలసింది ఫ్యాక్టరీలో కత్తిరించదగిన ప్యాటర్న్. యంత్రం ఇచ్చిన కోటులో చంక కుట్టు తప్పుగా ఉందని చూడగానే చెప్పి, సరిచేయగల మనిషి అవసరం ఉంటుంది. మీ అమ్మాయి ఆ సాధనాలను కూడా నేర్చుకోవాలి, వాటి తప్పులను పట్టుకునే స్థాయిలో నేర్చుకోవాలి.

ఆమెకు ఒక సంవత్సరం గడువు ఇవ్వండి. నాలుగు వాతావరణాల పోర్ట్‌ఫోలియో పూర్తయ్యాక ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తు చేయించి, వచ్చిన స్పందనను బట్టి కోర్సు నిర్ణయించండి. ఏ శిక్షణ సంస్థకైనా డబ్బు కట్టే ముందు అక్కడ ప్యాటర్న్ కటింగ్ ఎవరు నేర్పుతారో, ఎన్ని గంటలు నేర్పుతారో అడగండి. చివరి సంవత్సరం విద్యార్థుల పాత్రలను వైర్‌ఫ్రేమ్‌తో సహా, నడుస్తుండగా చూపించమనండి. నిలబడి ఉన్న చిత్రాలు మాత్రమే చూపించగలిగితే ఆ సంస్థను పక్కన పెట్టండి.