అమ్మ పీఠాన్ని అద్దె ఇంట్లో ఎక్కడ పెట్టను?

ప్రశ్న: అక్కా, నమస్తే. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఫిరంగిపురం దగ్గర మా ఊళ్లో ఇల్లు అమ్మేశాం. అమ్మ ప్రార్థన పీఠం మీద ఉన్నవన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది కూకట్‌పల్లి తెచ్చుకున్నాను. రంగు వెలిసిన యేసు తిరుహృదయం పటం, తమిళనాడులోని వేళాంగణి మరియమ్మ గుడి నుంచి తెచ్చిన మరియమ్మ స్వరూపం (బొమ్మ, చెయ్యి విరిగింది), నాలుగు జపమాలలు, మట్టల ఆదివారం నాటి ఎండిపోయిన మట్టలు, ఎప్పటివో తీర్థజలం సీసాలు. మాది డబుల్ బెడ్‌రూమ్ అద్దె ఇల్లు, గోడకి మేకు కొట్టనివ్వరు. "పాతవన్నీ ఎందుకు, కొత్త పటం కొనుక్కుందాం" అంటారు మావారు. పారేస్తే పాపమేమోనని టెన్షన్. ఏ దిక్కున పెట్టాలో కూడా చెప్పండి.

జవాబు: ముందు దిక్కు సంగతి చెప్పేస్తాను చెల్లీ. ఇంట్లో పీఠానికి ఫలానా దిక్కే ఉండాలని మన తిరుసభలో (కథోలిక సంఘంలో) నియమం లేదు. రాత్రి మీరంతా ఎక్కడ కూర్చుంటారో అక్కడ పెట్టుకోండి. హాల్లో టీవీ పక్కన అల్మారా పై అర ఖాళీ చేసినా చాలు, మేకుతో పనిలేదు. బెడ్‌రూమ్‌లో మూలకి పెడితే మాత్రం నెల తిరిగేసరికి దాని ముందు ఎవరూ కూర్చోరు, చాలా ఇళ్లలో చూశాను.

ఇక ఆ పెట్టె. పటాన్ని పారేయకండి, ముందు దాని అడుగున, వెనక చూడండి. యేసు తిరుహృదయాన్ని ఇంట్లో ప్రతిష్ఠించుకునే ఆచారాన్ని 1907 నుంచి ఫాదర్ మతేయో అనే గురువు దేశదేశాలా వ్యాప్తి చేశారు. అలా ప్రతిష్ఠించిన పటాల కింద ఇంట్లోవాళ్ల పేర్లు, తేదీ, గురువు సంతకం రాసుకునే చోటు చాలావాటికి ఉంటుంది. మా ఇంటి పటం మీద తాతయ్య పేరు సిరా పాకిపోయి సగమే కనిపిస్తుంది, దాని కింద అమ్మమ్మ వేలిముద్ర మాత్రం గీతలతో సహా అలాగే ఉంది. అందుకే ఎన్ని ఇళ్లు మారినా దాన్ని వదల్లేదు. మీ పటానికి అద్దం, ఫ్రేమ్ మార్పించండి, లోపలి కాగితం ముట్టుకోవద్దు.

స్వరూపం చెయ్యి ముక్క దొరికితే ఎంసీల్‌తో అతికించండి, దొరక్కపోయినా ఫర్వాలేదు, అలాగే పెట్టుకోండి. వేళాంగణి నుంచి స్వరూపం తెచ్చుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నా తొమ్మిదో ఏట మద్రాసు వెళ్లి, అక్కణ్ణుంచి రాత్రంతా రైల్లో నాగపట్నం చేరి, మళ్లీ బస్సెక్కి వెళ్లాం. మొక్కు ఉన్నవాళ్లు ఇసుక దారిలో మోకాళ్ల మీద నడుస్తారు, మా అమ్మమ్మ కూడా నడిచింది, నేను పక్కన చెప్పులు పట్టుకుని నడిచాను. గుడి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చీర మోకాళ్ల దగ్గర చిరిగి, ఇసుక అంటుకుపోయింది. తిరుగు ప్రయాణంలో స్వరూపాన్ని పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, మళ్లీ మన స్టేషన్ వచ్చేదాకా కింద పెట్టలేదు. మీ అమ్మగారు కూడా అలాగే తెచ్చి ఉంటారు.

నిజంగా పాడైపోయినవి, అంటే తెగిన జపమాలలు, చెదలు తిన్న బొమ్మలు ఉంటే చెత్తబుట్టలో వేయొద్దు. ఆశీర్వదించిన వస్తువులు కాబట్టి కాల్చేయడమో, ఎవరూ తొక్కని చోట పాతిపెట్టడమో చేయాలి. కృష్ణలో కలిపేద్దామనుకునేవాళ్లున్నారు, ప్లాస్టరూ రంగులూ నదికి మంచివి కావు, భూమిలోనే పెట్టండి. మట్టల్ని విభూది బుధవారానికి ముందు మీ విచారణ గుడిలో (మీ ప్రాంతపు చర్చిలో) ఇవ్వండి. కిందటేడు మట్టలు కాల్చే కదా ఆ రోజు నుదుట పెట్టే బూడిద చేసేది. సీసాల్లో నీళ్లు మొక్క మొదట్లో పోసేసి, పాస్కా జాగరణలో (ఈస్టర్ ముందు రాత్రి పూజలో) ఆశీర్వదించిన నీళ్లు కొత్తగా తెచ్చుకోండి. అమ్మ ఫొటో కూడా పెట్టుకోవాలనిపిస్తే పీఠం మీద ప్రభువు పక్కన కాకుండా కింది అరలో పెట్టి, సమాధుల పండుగ రోజు అక్కడా ఒక కొవ్వొత్తి వెలిగించండి.

ఇవన్నీ సర్దాక ఒక టైమ్ అనుకోండి, ఇది అన్నిటికంటే ముఖ్యం. మాకు రాత్రి ఏడున్నర. జపమాలలో యాభై మూడు మంగళవార్తలు (మరియమ్మ జపాలు) పూర్తయ్యేలోపే, అయిదు భాగాల్లో మూడో దేవరహస్యానికల్లా పిల్లలం చాప మీద నిద్రపోయేవాళ్లం. ఎవరూ తిట్టేవారు కాదు. మీరు పది మంగళవార్తలతో మొదలుపెట్టండి. మీవారు కూడా వచ్చి కూర్చుంటారు, చూడండి.

ప్రశ్న: మా కోడలు హిందువుల అమ్మాయి. మరియమ్మ పటానికి అగరబత్తి వెలిగించి, పూలు పెట్టి, హారతి ఇస్తోంది, ఒక్కోసారి బొట్టు కూడా పెడుతోంది. మా ఆడపడుచు ఇది తప్పంటోంది. – విశాఖ నుంచి ఒక అత్తగారు

జవాబు: వదినా, ఆ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే పటం ముందు నిలబడుతోంది, ముందు అందుకు సంతోషించండి. హారతి, ధూపం, నూనె దీపం, చెప్పులు విడిచి కూర్చోవడం లాంటివి మన దేశంలో దివ్యబలిపూజలోనే (గుడిలో గురువు చేసే పూజలోనే) వాడుకోవచ్చని రోము 1969లోనే అనుమతించింది. గుడిలో చెల్లేది ఇంట్లో తప్పెలా అవుతుంది? ఏటా ఫిబ్రవరి 11న మరియమ్మ పండుగకి విజయవాడ గుణదల కొండకి వచ్చేవాళ్లలో తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు ఎంతమందో, అందులో క్రైస్తవులు కానివాళ్లూ ఎంతమందో మీ ఆడపడుచుకి తెలియంది కాదు. బొట్టు మాత్రం నేనైతే వద్దంటాను, అదీ అందరి ముందూ కాదు. "అమ్మా, మనం ఇక్కడ పువ్వు పెడతాం" అని ఒక మల్లెమొగ్గ చేతికివ్వండి. మరియమ్మని గౌరవిస్తాం, ఆరాధన దేవునికే చేస్తాం అని తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి. ఆ మాట ఆడపడుచుకి కూడా పనికొస్తుంది.

ప్రశ్న: వచ్చే నెల డల్లాస్ వెళ్తున్నాను. పీఠం కోసం ఏం తీసుకెళ్లను? – గుంటూరు నుంచి ఒక తమ్ముడు

జవాబు: ఒక సిలువ, ఒక జపమాల, అద్దం లేని చిన్న పటం చాలు తమ్ముడూ. వేళాంగణి నూనె, తీర్థజలం చెక్-ఇన్ పెట్టెలో వేసుకో, క్యాబిన్‌లోకి 100 మిల్లీలీటర్లు దాటిన సీసా రానివ్వరు. అక్కడి అపార్ట్‌మెంట్లలో అగరబత్తి పొగకి అలారం మోగొచ్చు, బ్యాటరీ కొవ్వొత్తి కొనుక్కో. నీకు పొద్దున్న తొమ్మిదైతే మీ అమ్మకి రాత్రి వేసవిలో ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర అవుతుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆవిడ మంగళవార్త మొదటి సగం చెప్తే నువ్వు రెండో సగం చెప్పు.