పశువుల పొట్టలో శిలీంధ్రాల పరిశోధన: మా అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. గడ్డి మేసే జంతువుల పొట్టలో కొత్త శిలీంధ్రాలను గుర్తించే పరిశోధన చేస్తానంటోంది. ఇంత చిన్న అంశాన్ని నమ్ముకుంటే ఉపాధి దొరుకుతుందా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అంశం చిన్నది కాదండీ, అందులో పనిచేసేవారే తక్కువ. గొర్రె పొట్టలో ఈదులాడే కొన్ని సూక్ష్మజీవులను ఒకప్పుడు ప్రోటోజోవాలుగా, అంటే ఏకకణ జీవులుగా లెక్కించేవారు. అవి శిలీంధ్ర బీజాలని 1975లో బ్రిటన్ శాస్త్రవేత్త కోలిన్ ఆర్పిన్ గుర్తించారు. ఆక్సిజన్ తగలకుండా బతికే ఈ శిలీంధ్రాలు గడ్డిలోని గట్టి పీచులోకి వేళ్లలాంటి పోగులను దించి, ఎంజైములతో దాన్ని విడగొడతాయి కాబట్టి పశుపోషణ, జీవ ఇంధన రంగాలు రెండూ వీటిపై ఆసక్తి చూపుతున్నాయి. మన దేశపు ఒంటె నుంచి వేరుచేసిన ఊంటోమైసిస్ అనే కొత్త ప్రజాతిని 2015లోనూ, మేక నుంచి వచ్చిన లీబెటాంజోమైసిస్‌ను 2018లోనూ ప్రకటించారు.

అయితే ఆ పని ఎలా ఉంటుందో అమ్మాయికి ముందే తెలియాలి. పేడనో, రూమెన్ (నెమరువేసే జంతువుల పొట్టలోని మొదటి గది) ద్రవాన్నో తెచ్చి, కార్బన్ డయాక్సైడ్ నింపిన సీసాల్లో, బ్యాక్టీరియా పెరగకుండా యాంటీబయాటిక్స్ కలిపి, సుమారు 39 డిగ్రీల వేడిలో పెంచి, ఒకే శిలీంధ్రం మిగిలేదాకా మళ్లీమళ్లీ వేరుచేయాలి. ఆ తర్వాతే మైక్రోస్కోపు పరిశీలన, డీఎన్ఏ పోలిక. డీఎన్ఏ పరీక్ష నేర్చుకుంటే చాలని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. నా దృష్టిలో ఇక్కడ అసలైన విద్య కల్చర్‌ను, అంటే ల్యాబ్‌లో పెంచుతున్న శిలీంధ్రాన్ని బతికించుకోవడమే, ఎందుకంటే కొన్ని రోజులకొకసారి తాజా పోషక మాధ్యమంలోకి మార్చకపోతే అది చచ్చిపోతుంది, దానికి పండగలూ సెలవులూ తెలియవు. ఈ ఓపిక ఉన్నవారికే ఈ దారి.

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ. 37,000 ఫెలోషిప్ వస్తుంది. పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థ, కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ ఈ శిలీంధ్రాలపై పనిచేసినవే. పశువైద్యం చదివినవారికి జంతువుల నమూనాలు సులువుగా అందుతాయన్నది నిజమే కానీ, అందుకోసం ఆమె మళ్లీ మొదటినుంచి బీవీఎస్సీ చదవనక్కరలేదు.

శాశ్వత శాస్త్రవేత్త ఉద్యోగాలు తక్కువ. ఈ మాట మీకు దాచకూడదు. కానీ ఆక్సిజన్ లేకుండా సూక్ష్మజీవులను పెంచే నైపుణ్యం బయోగ్యాస్, ప్రోబయోటిక్స్, మేత ఎంజైముల కంపెనీల్లోనూ పనికొస్తుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు పేరు చూసి వెళ్లకుండా, అక్కడ ప్రస్తుతం సజీవ కల్చర్లు ఉన్నాయా అని అమ్మాయిని ముందుగా అడగమనండి.