హడూప్ క్లస్టర్‌కు సెక్యూరిటీ, ఆడిట్ లాగ్: ముందు ఏది, తర్వాత ఏది?

ప్రశ్న: సెక్యూరిటీ లేని హడూప్ క్లస్టర్‌లో (డేటాని చాలా మెషీన్లలో పంచి దాచే వ్యవస్థ) రేంజర్ (ఎవరు దేన్ని ముట్టుకోవచ్చో పాలసీలతో తేల్చే టూల్) పెట్టి, ఆడిట్ లాగ్ (ఎవరు ఏం చేశారో రాసే రికార్డు) ఆన్ చేశాం. అయినా ఎవరి డైరెక్టరీనైనా ఎవరో ఒకరు డిలీట్ చేస్తున్నారు. లాగ్‌లో చూస్తే సూపర్‌యూజర్ పేరే కనిపిస్తోంది. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: తేడా మీరు పనులు చేసిన వరుసలోనే ఉంది. కెర్బెరోస్ (పేరు చెప్పినవాడు నిజంగా వాడేనా అని టికెట్లతో తేల్చే పద్ధతి) లేకుండా రేంజర్ పెడితే ఒరిగేదేమీ ఉండదు. హడూప్‌లో డిఫాల్ట్ ఆథెంటికేషన్ (ఎవరో గుర్తుపట్టే పద్ధతి) 'సింపుల్'. అంటే క్లయింట్ ఏ పేరు చెబితే నేమ్‌నోడ్ (ఏ ఫైల్ ఎక్కడుందో చూసుకునే ప్రధాన సర్వర్) ఆ పేరునే నమ్ముతుంది. యూజర్ నేమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో 'హెచ్‌డీఎఫ్‌ఎస్' (హడూప్ ఫైల్ సిస్టమ్ పేరు, దాన్ని నడిపే అకౌంట్‌కీ మామూలుగా ఇదే పేరు) అని పెట్టుకుంటే ఎవరైనా సూపర్‌యూజరే. సూపర్‌యూజర్‌కి పర్మిషన్ చెకింగే ఉండదు. కాబట్టి మీ లాగ్ అబద్ధం చెప్పడం లేదు, దానికి చెప్పిన పేరే రాస్తోంది.

కాబట్టి ముందు కెర్బెరోస్. ప్రతి హోస్ట్‌లో ప్రతి సర్వీస్‌కూ విడిగా ప్రిన్సిపల్ (కెర్బెరోస్‌లో దాని పేరు), విడిగా కీట్యాబ్ (పాస్‌వర్డ్ బదులు వాడే కీ ఫైల్) ఉండాలి. కీట్యాబ్ ఓనర్ ఆ సర్వీస్ యూజర్, పర్మిషన్ 400 (ఓనర్ మాత్రమే చదవగలడు). ఎక్కువగా దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి గడియారాలు: తేడా 5 నిమిషాలు దాటితే టికెట్ చెల్లదు, అందుకే అన్ని నోడ్లలో క్రోనీ (గడియారాలను సరిచేసే ప్రోగ్రామ్) తప్పనిసరి. రెండోది డీఎన్ఎస్: పేరు నుంచి ఐపీకీ, ఐపీ నుంచి పేరుకీ రెండు వైపులా ఒకే పూర్తి హోస్ట్‌నేమ్ రావాలి. ఏది తప్పినా చాలాసార్లు వచ్చేది 'జీఎస్ఎస్ ఇనిషియేట్ ఫెయిల్డ్' అన్న పనికిరాని మెసేజే. అప్పుడు జేవీఎంలో (హడూప్‌ని నడిపే జావా) కెర్బెరోస్ డీబగ్ ఆన్ చేసి చూడండి, అసలు కారణం అక్కడ బయటపడుతుంది.

ఇంకో ఉచ్చు ఉంది. కేఅడ్మిన్‌లో (కెర్బెరోస్ అడ్మిన్ టూల్) 'కేటీయాడ్' (కీట్యాబ్‌లో కీ చేర్చే కమాండ్) కొట్టిన ప్రతిసారీ కొత్త కీ పుడుతుంది, వెర్షన్ నంబర్ పెరుగుతుంది. అదే ప్రిన్సిపల్‌తో ఇంకోచోట ఉన్న పాత కీట్యాబ్ అక్కడితో చెల్లిపోతుంది. నిన్నటిదాకా నడిచిన సర్వీస్ ఇవాళ లాగిన్ కాకపోతే మొదట ఇదే అనుమానించండి. పాత కీనే కావాలంటే కేడీసీ (కెర్బెరోస్ సర్వర్) మెషీన్‌లో లోకల్ కేఅడ్మిన్ వాడి, 'నో ర్యాండ్ కీ' ఆప్షన్ ఇవ్వాలి.

ఇక రేంజర్. హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో ఒక పాత్‌కి రేంజర్ పాలసీ ఏదీ తగలకపోతే, డిఫాల్ట్‌గా మామూలు ఫైల్ పర్మిషన్లే చూస్తుంది. కింద 777 (అందరికీ అన్ని హక్కులూ) ఉంటే పైన మీరెంత జాగ్రత్తగా పాలసీలు రాసినా దండగే. రేంజర్ చేతికి అప్పగించే డైరెక్టరీలను 700కి (ఓనర్‌కి మాత్రమే) దించండి, యూమాస్క్ (కొత్త ఫైళ్లకు తీసేసే పర్మిషన్లు) 077 చేయండి. ప్రాక్సీ యూజర్ (ఒక సర్వీస్ వేరేవాళ్ల పేరుతో పనిచేయడం) సెట్టింగుల్లో హోస్ట్‌లకూ గ్రూపులకూ స్టార్ (అంటే 'ఏదైనా సరే') ఉంటే తీసేయండి. స్టార్ ఉన్నప్పుడు ఆ సర్వీస్ అకౌంట్ ఎవరి చేతిలోనైనా పడితే, వాళ్లు ఏ మెషీన్ నుంచైనా ఎవరి పేరుతోనైనా లోపలికి రావచ్చు.

ఆడిట్ లాగ్‌లో నేను మొదట చూసేది యూజర్ పేరు పక్కన బ్రాకెట్లో ఉండే 'ఆథ్' విలువ. కెర్బెరోస్ వచ్చాక కూడా అక్కడ 'సింపుల్' కనిపిస్తే ఏదో సందు మిగిలిందన్నమాట. 'ప్రాక్సీ' అని ఉంటే 'వయా' తర్వాత ఏ సర్వీస్ ద్వారా వచ్చారో రాసి ఉంటుంది. హైవ్‌లో (హడూప్ డేటాపై ఎస్‌క్యూఎల్ నడిపే సర్వీస్) డూ-యాజ్ (అడిగినవాళ్ల పేరుతోనే క్వెరీ నడపడం) ఆఫ్ చేసి ఉంటే హెచ్‌డీఎఫ్‌ఎస్ లాగ్‌లో అందరూ 'హైవ్' గానే కనిపిస్తారు. అసలు మనిషి పేరు హైవ్ వైపు రేంజర్ ఆడిట్‌లోనే దొరుకుతుంది, కాబట్టి రెండూ దాచాలి.

లాగ్ సైజు సంగతి చాలామంది పట్టించుకోరు. ఫైల్‌కి 256 ఎంబీ, 20 ఫైళ్లు అని ఉంటే మొత్తం 5 జీబీయే. బిజీ క్లస్టర్‌లో అది ఇట్టే తిరిగిపోతుంది, మీకు కావలసిన లైను చెరిగిపోతుంది. ఎక్కువ భాగం 'గెట్ ఫైల్ ఇన్ఫో' (ఫైల్ వివరాలు అడగడం) చెత్తే. దాన్ని డీబగ్ కమాండ్ల లిస్టులో చేరిస్తే మామూలు లాగ్‌లో పడదు. కానీ 'ఓపెన్', 'డిలీట్', 'రీనేమ్' జోలికి మాత్రం పోవద్దు. లాగ్‌ని వెంటవెంటనే వేరే మెషీన్‌కి పంపండి, క్లస్టర్ అడ్మిన్‌కి అక్కడ డిలీట్ హక్కు ఉండకూడదు.

లాగ్ పార్టిషన్, నేమ్‌నోడ్ ఎడిట్స్ (ఫైల్ సిస్టమ్‌లో జరిగిన మార్పుల రికార్డు) ఉండే డిస్క్ ఒకటి కాకూడదు. ఎడిట్స్ డిస్క్‌లో ఖాళీ 100 ఎంబీ కన్నా తగ్గితే నేమ్‌నోడ్ సేఫ్ మోడ్‌లోకి పోతుంది, రాతలన్నీ ఆగిపోతాయి. స్థలం ఖాళీ చేశాక కూడా చాలాసార్లు సేఫ్ మోడ్ నుంచి చేత్తోనే బయటికి తేవాలి.