మాత్ర వేసే గంట, ఫిర్యాదు వచ్చే గంట

మీ ప్రశ్నలో మూడు ముళ్లున్నాయి. మూడో తరగతి చదివే బాబుకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని తేల్చి, డాక్టరు దానికి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మాత్ర రాశారు. అత్తగారు అది మత్తుమందు అంటున్నారు. బడివారేమో టీసీ తీసుకుపొమ్మంటున్నారు. మాది హనుమకొండ. మా వాడికి ఇప్పుడు పదకొండేళ్లు, ఏడేళ్లప్పుడు మేమూ ఇక్కడే నిలబడి ఉన్నాం. నేను డాక్టరును కాను, తండ్రిని. ఆ మేరకే చదవండి.

ముందు నా తప్పు చెబుతాను. డాక్టరు దగ్గరకు వెళ్లకముందు ఏడాదిపాటు వాణ్ణి కొట్టాను. డైరీలో ఎర్ర సిరా కనిపించిన రోజు దెబ్బలు తప్పేవి కావు. మర్నాడు బడిలో వాడు మళ్లీ అంతే. ఇంట్లో మాత్రం నన్ను చూడగానే డైరీ దాచడం నేర్చుకున్నాడు.

మాత్రలు మొదలుపెట్టి నెల తిరిగినా ఫిర్యాదులు తగ్గలేదు. డబ్బు దండగ అనుకున్నాను. ఒక ఆదివారం నా భార్య డైరీ ముందేసుకుని, ప్రతి ఫిర్యాదు పక్కన అది ఏ పీరియడులో వచ్చిందో రాసింది. ఉదయం పీరియడ్లలో ఒక్కటీ లేదు. అన్నీ భోజనం తరువాతవే: లెక్కలు, హిందీ, తిరుగు బస్సులో గొడవ. మామూలు మాత్ర అరగంటకు అందుకుని సుమారు నాలుగు గంటలు పనిచేస్తుంది. ఏడున్నరకు వేస్తే పన్నెండుకల్లా దాని పని అయిపోతోంది! ఆ కాగితం చూడగానే డాక్టరుకు విషయం అర్థమైంది, ఎక్కువసేపు పనిచేసే రకానికి మార్చారు. కొందరు పిల్లలకు మధ్యాహ్నం రెండో మాత్ర రాస్తారట. కాబట్టి మందు పనిచేయడం లేదని తేల్చేముందు, ఏ గంటలో పనిచేయడం లేదో చూడండి. మోతాదు మాత్రం సొంతంగా పెంచవద్దు, తగ్గించవద్దు. ఎక్కువసేపు పనిచేసే రకాన్ని నమలకూడదు, పొడి చేయకూడదు. ఉదయం మరిచిపోయిన మాత్రను సాయంత్రం వేస్తే రాత్రి నిద్ర పట్టదు. మేము ఒకసారి వేసి, పన్నెండు దాకా వాడితో క్యారమ్స్ ఆడాం.

ఇక ఆకలి. ఈ మాత్రతో అది తగ్గుతుంది. అన్నం డబ్బా పెట్టినది పెట్టినట్టే ఇంటికి వచ్చేది. దానికి మా ఇంట్లో జరిగిన ఏడుపు జబ్బు పేరు విన్నప్పుడు కూడా జరగలేదు. చివరికి డబ్బా మీద ఆశ వదులుకున్నాం. మాత్రకు ముందే పెసరట్టు, రెండు గుడ్లు. మధ్యాహ్నం నాలుగు ముద్దల పెరుగన్నం, తిన్నంతే తిన్నట్టు. రాత్రి ఎనిమిదికి ఆకలి విరుచుకుపడుతుంది, అప్పుడు సర్వపిండి కాల్చిపెడితే రెండు ఒక్కడే లాగిస్తాడు. వెళ్లిన ప్రతిసారీ ఎత్తు, బరువు, నాడి, బీపీ చూడమని అడగండి. మీ రెండు వైపులా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చినవారు, హఠాత్తుగా పోయినవారు ఉంటే ముందే చెప్పండి.

"మత్తుమందు" అన్న మాట గాలిలోంచి పుట్టలేదు. ఈ మందు మత్తుమందులను అదుపుచేసే ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో ఉంది, అందుకే చీటీ లేనిదే ఇవ్వరు, అన్ని దుకాణాల్లో దొరకదు. మా వీధి చివర మందుల దుకాణంలో దొరక్క ఒక సోమవారం మాత్ర లేకుండానే బడికి పంపాం. అప్పటి నుంచి వారం ముందే కొని తాళం వేసిన అలమరలో పెడుతున్నాను. డాక్టరు చెప్పిన మోతాదులో, పెద్దవాళ్ల చేతి మీదుగా వేసే మాత్ర వేరు, వ్యసనం వేరు.

టీసీ విషయంలో భయపడకండి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాణ్ణి బడి నుంచి తీసేయకూడదు. కొట్టడం, మనసు నొచ్చేలా వేధించడం కూడా అదే చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇది మీ జేబులో ఉండనివ్వండి, మొదటి రోజే బల్ల మీద పెట్టకండి. నేను పెట్టాను, ప్రిన్సిపాల్ గదిలో మాటామాటా పెరిగి నెలరోజులు ఎవరూ నా ముఖం చూడలేదు. తరువాత డాక్టరు ఉత్తరం పట్టుకుని క్లాసు టీచరును విడిగా కలిశాను. ఆమె తరగతిలో నలభైమందికి పైగా ఉన్నారు, పది కోరికలు కోరితే ఒక్కటీ జరగదు. రెండే అడిగాను: కిటికీకి దూరంగా ముందు బెంచీ, పీరియడు మధ్యలో ఆఫీసుకు రిజిస్టరు ఇచ్చిరావడం లాంటి ఒక పని. ఆమె మూడోది తనంతట తానే చేసింది, ఒకసారికి ఒకే మాట చెప్పడం. లెక్కల టీచరు ఏదీ చేయలేదు, ఆయనతో ఇప్పటికీ కుదరలేదు. చదవడం, రాయడం మరీ కష్టంగా ఉంటే అభ్యసన లోపం పరీక్ష కూడా చేయించండి, ఈ పిల్లల్లో చాలామందికి రెండూ కలిసి ఉంటాయి.

రాత్రిపూట మీకే ఊపిరాడనట్టు అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నా భార్య రెండుసార్లు చేసింది.

అత్తగారితో మాత్రం వాదించకండి. "వీడి నాన్నా ఇంతే, ఏ మందు మింగి బాగుపడ్డాడు?" అని మా అమ్మ డాక్టరు ముందే అనేసింది. ఇది వంశపారంపర్యంగా రావచ్చని ఆయన అంటే నేను తల వంచుకున్నాను, ఇంటర్ మూడోసారికి గట్టెక్కినవాణ్ణి మరి. ఆమె ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఉదయం భద్రకాళి అమ్మవారి కుంకుమ ఆమె పెడుతుంది, మాత్ర నేను ఇస్తాను.