స్కోరు 7 కాదు, తొమ్మిదో జవాబు చూడండి

మీ తమ్ముడి కౌన్సెలింగ్ యాప్ ‘స్వల్ప డిప్రెషన్, స్కోరు 7’ అందనీ, ఎవరికీ చెప్పనని అతనికి మాటిచ్చాననీ, ఇప్పుడు డాక్టరుకి చెప్పొచ్చా అనీ, యాప్ ప్రశ్నలూ అతని జవాబులూ ఇక్కడ పెట్టి అడిగారు.

చెప్పాలి. మీరు ఇక్కడ పెట్టినవి పీహెచ్‌క్యూ-9 అనే, డిప్రెషన్ తీవ్రతను కొలిచే ప్రశ్నలు. తొమ్మిదింటిలో ఒక్కోదానికి 0 నుంచి 3 పాయింట్లు, గరిష్ఠంగా మొత్తం 27. 5–9 వస్తే స్వల్పం అంటారు, నిజమే. కానీ తొమ్మిదోది చచ్చిపోతే బాగుండనే ఆలోచనల గురించి. అక్కడ అతను ‘కొన్ని రోజులు’ అని నొక్కాడు. దానికి 1 వచ్చినా మొత్తంతో పనిలేదు, ఓ మనిషి ఎదురుగా కూర్చుని అడగాల్సిందే. యాప్ కూడిక చేసి ఊరుకుంది!

ఈరోజే సూటిగా అడగండి: “చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని కూడా ఆలోచించావా?” అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. లేదన్నా డాక్టరుని కలవాలి, అతనికి తెలియకుండా మాత్రం కాదు. “నేను చెప్పబోతున్నాను, నువ్వూ రా” అనండి. అలిగితే అలగనీయండి. ప్రాణం మీదికొస్తే డాక్టర్లే గోప్యత సడలిస్తారు.

అన్నట్టు, యాప్‌లో రాసింది రహస్యమేనని అతను నమ్ముతున్నట్టున్నాడు. యూజర్ల వివరాలు ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి సంస్థలకిచ్చిందన్న ఆరోపణపై ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ బెటర్‌హెల్ప్ 2023లో అమెరికాలో 78 లక్షల డాలర్లకు రాజీపడింది. సెట్టింగ్స్‌లో డేటా షేరింగ్ ఆపేయమనండి.