పెన్ను ఎందుకు దాచింది?

అమ్మా,

నీ కథ రెండుసార్లు చదివాను. బాగుంది, ఒక్క మాట దగ్గర తప్ప. స్నేహితురాలికి బహుమతి వచ్చినప్పుడు నీ కథలో పిల్ల ‘జెలస్‌గా ఉంది’ అనుకుంటుంది. నాలుగు పేజీల తర్వాత ఆ స్నేహితురాలు కొత్తగా చేరిన అమ్మాయితో తిరుగుతుంటే మళ్ళీ ‘జెలస్‌గా ఉంది’ అనుకుంటుంది. పైగా ఉత్తరంలో నన్నే అడిగావు, ‘జెలసీ అన్నా ఎన్వీ అన్నా అసూయే కదండీ’ అని.

కాదమ్మా. ఎదుటివాళ్ళకున్నది నాకు లేదే అని కుమిలిపోతే ఎన్వీ. నాదనుకున్నది ఇంకొకరు ఎగరేసుకుపోతారేమోనని బెంగపడితే జెలసీ. మొదటిదానికి ఇద్దరు మనుషులు చాలు, రెండోదానికి మామూలుగా ముగ్గురుండాలి. మయసభలో ధర్మరాజు వైభవం చూసి ఉడికిపోయిన దుర్యోధనుడిది ఎన్వీ. పారిజాతం రుక్మిణికి దక్కిందని అలిగిన సత్యభామది జెలసీ. ఆమెకు పువ్వే కావాలనుకుంటే అదీ ఎన్వీయే అయ్యేది. కానీ కృష్ణుడు దాన్ని ఎవరికిచ్చాడన్నదే ఆమె గొడవ. చివరికి చెట్టే తెచ్చిస్తానంటే గానీ ఆయన గండం గడవలేదు.

ఎన్వీకి మూలం లాటిన్‌లోని ‘ఇన్విడియా’. అందులో ఉన్నది చూపు, చెడు చూపు. మన ‘కళ్ళు కుట్టడం’, ‘కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం’ కూడా చూపులోంచి పుట్టినవే. జెలసీ వచ్చింది గ్రీకు ‘జీలోస్’ నుంచి. పట్టుదల, ఉత్సాహం అనే అర్థంలో వాడే ‘జీల్’ అన్న ఇంగ్లీషు మాటకీ అదే మూలం. అందుకే జెలసీలో చూపుకన్నా పట్టు ఎక్కువ.

ఈ సంగతి తెలియక నేనొకసారి దెబ్బతిన్నాను. అప్పట్లో అనువాదాలు చేసేవాణ్ణి. ఒక ముసలావిడ తన ఉత్తరాల కట్టను ‘జెలస్లీ’ కాపాడుకుందని మూలంలో ఉంటే, ‘అసూయతో కాపాడుకుంది’ అని రాసేశాను. ఎడిటర్ దాన్ని ఎర్రసిరాతో చుట్టి, పక్కన ‘ఎవరి మీద?’ అని రాసి తిప్పి పంపారు. నా దగ్గర జవాబు లేదు. ఆవిడకు ఎవరి మీదా అసూయ లేదు. ఆ ఉత్తరాల మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు, అంతే. ‘కంటికి రెప్పలా కాపాడుకుంది’ అంటే సరిపోయేది. అక్కడ జెలసీ తీసి ఎన్వీ పెట్టి చూడు, వాక్యానికి అర్థమే ఉండదు.

అయితే ఒకటి. మామూలు మాటల్లో ఇంగ్లీషువాళ్ళే రెండిటికీ ‘జెలస్’ అనేస్తారు. ఎవరైనా టూర్ ఫొటోలు పంపితే ‘సో జెలస్’ అని జవాబిస్తారు. అది తప్పని నేననను. నీ పాత్ర నోటి నుంచి వస్తే రానీ. కథ చెబుతున్న నీకు మాత్రం తేడా తెలిసుండాలి.

తెలుగులో ఈ మాటకు ఇది, ఆ మాటకు అది అని జతలు కట్టేసి కూర్చోకు. అమరకోశంలో ఓర్వలేకపోవడం ఈర్ష్య. గుణంలోనూ దోషం వెదకడం అసూయ. ఇప్పుడు మనం రెండిటినీ కలిపేసి వాడుతున్నాం గానీ, ఆ తేడా కథకు పనికొస్తుంది. నీ పిల్ల చప్పట్లు కొడుతూనే లోపల మండిపోతే ఈర్ష్య. ‘ఆ జడ్జి వాళ్ళ చుట్టమట’ అని పక్కపిల్ల చెవిలో ఊదితే అసూయ. ఈ రెండో మెట్టు నీ కథలో లేదు. ఉంటే పిల్ల ఇంకాస్త నిజమైన పిల్లలా ఉండేది.

బహుమతి సీనులో ఆమె కళ్ళు ఆ కప్పు మీదే ఉండనీ. దాని మెరుపు, దాని మీద చెక్కిన పేరు, ఆ పేరు చోట తన పేరు ఎలా ఉంటుందో అన్న ఊహ. రెండో సీనుకి వచ్చేసరికి ఆ కప్పు ఊసే ఆమెకు గుర్తుండకూడదు. అక్కడంతా లెక్కలే. ఇవాళ ఎవరి పక్కన కూర్చుంది, మెసేజ్‌కి జవాబివ్వడానికి ఎంతసేపు తీసుకుంది, తనకొక్కదానికే చెప్పిన రహస్యం ఆ కొత్తదానికీ చెప్పేసిందా. ఇవి రాశాక ‘జెలస్’ అన్న మాట రెండుచోట్లా కొట్టేసినా ఏ నష్టమూ లేదు.

ఇంకో సంగతి. ఏడో పేజీలో ఆ పిల్ల స్నేహితురాలి పెన్ను తీసి దాచుకుంటుంది కదా. ఆ పెన్ను తనకు లేదని దాచిందా, లేక ఆమెది ఏదో ఒకటి తన దగ్గర ఉండాలని దాచిందా? నాకు అంతుపట్టలేదు. నీకు తెలిసుంటే ఆ పేజీ మళ్ళీ రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ ఉత్తరాల మాస్టారు