జాజ్ బృందంలో డబుల్ బేస్ వాయించేవారికి పేరు వస్తుందా?

జాజ్ బృందంలో డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే, పెద్ద వయొలిన్ లాంటి మంద్రస్వర వాద్యం) వాయించేవారు జీవితమంతా ఇతరుల వెనక నిలబడవలసిందేనా అని మీరు అడిగారు. అవసరం లేదని చెప్పడానికి అమెరికా జాజ్ బేస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్ జీవితం చాలునని నా నమ్మకం.

ఆయన 1922లో అరిజోనా రాష్ట్రంలోని నొగాలెస్‌లో పుట్టి, లాస్ ఏంజెలస్‌లోని వాట్స్ ప్రాంతంలో పెరిగారు. చిన్నతనంలో చెల్లో నేర్చుకున్నా, నల్లజాతి కుర్రవాడికి పాశ్చాత్య శాస్త్రీయ వాద్యబృందాలు తలుపు తీయని రోజులవి కనుక బేస్‌కు మారారు. అయినా న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ అనే శాస్త్రీయ వాద్యబృందంలో పనిచేసిన హెర్మన్ రైన్‌షాగెన్ దగ్గరే శిక్షణ పొంది, తనను రానివ్వని ఆ సంప్రదాయపు సాధనను సొంతం చేసుకున్నారు.

1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్‌లో పేరున్న జాజ్ వాద్యకారులు చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, బడ్ పవెల్, మాక్స్ రోచ్‌లతో కలిసి ఆయన కచేరీ చేశారు. అదే రాత్రి రాకీ మార్సియానో, జెర్సీ జో వాల్కాట్‌ల బాక్సింగ్ పోటీ ఉండటంతో హాలులో చాలా కుర్చీలు ఖాళీగా మిగిలాయి. తీరా ఆ కచేరీని రికార్డు చేసిన టేపు వింటే బేస్ సరిగ్గా వినిపించలేదు. మింగస్ ఊరుకోలేదు, స్టూడియోలో తన భాగాన్ని మళ్ళీ వాయించి ఆ టేపులో చేర్చారు. జరిగిపోయిన కచేరీని ఇలా దిద్దడం సబబేనా అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: ఆ రాత్రి ఆయన వాయించిన మాట నిజం, వినిపించకపోవడమే అబద్ధం. దాన్ని సరిదిద్దగలిగింది కూడా ఆ రికార్డును విడుదల చేసిన డెబ్యూ అనే రికార్డుల సంస్థ ఆయనది కావడం వల్లనే. రోచ్‌తో కలిసి ఆయన దానిని 1952లోనే స్థాపించారు.

ఈ విషయంలో నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. విజయవాడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకూ ఉత్సవాలకూ వెళ్ళే ఆర్కెస్ట్రాలో నేను బేస్ గిటార్ వాయించేవాడిని. ఒక శ్రీరామనవమి పందిట్లో, కీబోర్డులో బేస్ ఎలాగూ ఉంది కదా అని, మిక్సర్ దగ్గరి ఆయన నా ఛానెల్‌ను పూర్తిగా తగ్గించేశారు. తరువాత వీడియోలో నా వేళ్ళు కదలడం కనిపించింది గాని ఒక్క స్వరమూ వినిపించలేదు. మన సినిమా పాటలకు గాయకుల పేర్లు వేసినంత శ్రద్ధగా బేస్ వాయించినవారి పేరు వేయకపోవడం కూడా ఇటువంటి అన్యాయమేనని నేను అనుకుంటాను.

మింగస్ తానే స్వరకర్తగా, బృంద నాయకుడిగా నిలిచారు గనుకనే ఆయనకు ఆ గతి పట్టలేదు. 1977లో ఏఎల్ఎస్ అనే నాడీవ్యాధి బయటపడి, క్రమంగా చేతులు పనిచేయకుండా పోయినా, టేప్ రికార్డర్‌లోకి పాడుతూ స్వరరచన సాగించారు. 1979 జనవరిలో మెక్సికోలో మరణించారు. ఆయన కోరిక ప్రకారం ఆయన అస్థికలను భార్య గంగలో కలిపారు.

ఆయనను వినాలనుకుంటే ఫోను స్పీకరు వద్దు. డబుల్ బేస్ అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంత చిన్న స్పీకరు ఆ స్వరాన్ని సరిగ్గా పలికించలేదు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బేస్ ఒక్కటే మొదలుపెట్టే ‘హైషియన్ ఫైట్ సాంగ్’తో ప్రారంభించండి.